పుల్లమజ్జిగలో నానిన కంద

పోయిన వారం సంపూర్ణను చర్చి వెనక వంట పందిరి కింద, ఒక ఖాళీ కుండ ముందు నిలబెట్టి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. మధ్యలో వచ్చి చేరిన వాళ్ల కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ చిన్న ఊళ్లో, క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక ప్రేమ విందు జరుగుతుంది. ఏడాదికొక ఇంటి వంతు. ఈసారి వంతు సంపూర్ణ ఇంటిది. మాంసం, గుడ్డు సరేసరి, పాలు, పెరుగు, నెయ్యి కూడా తగలకుండా విందంతా వండుతానని ఆమె తన కోడలు అక్సా చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. మేకపోతు కూర బదులు కంద కూర అనుకున్నారు. పండుగ పొద్దున కంద ఉడికింది, మసాలా పట్టింది, వాసన రోడ్డు దాకా పోయింది. సరిగ్గా అప్పుడే పందిరి గుంజ పక్కన బోర్లించిన మజ్జిగ కుండ మీద సంపూర్ణ చూపు పడింది. ముందురోజు సాయంత్రం ఆ కంద ముక్కలన్నింటినీ పుల్లమజ్జిగలో నానబెట్టింది తనే.

ఇదేం మతిమరుపు అని మీరనొచ్చు. కంద వండిన వాళ్లెవరూ అనరు. అడవి అంచున పెరిగిన కంద మామూలు కంద కాదు. ముట్టుకుంటే చేతులు, తింటే గొంతు ఒకటే దురద. అందుకని చేతులకు నూనె రాసుకుని తరగడం, తరిగిన ముక్కలను రాత్రంతా పుల్లమజ్జిగలో పడేయడం, పొద్దున పిండి రెండు నీళ్లు మార్చి ఉడకబెట్టడం సంపూర్ణ తల్లి నేర్పిన పద్ధతి. తల్లికి ఆమె తల్లి నేర్పింది. సంపూర్ణ లెక్కలో అది వంట కాదు, కడుగుడు. గంజు తోమడానికి వాడిన బూడిదను కూరలో వేసిన దినుసుగా ఎవరైనా చెప్తారా?

అసలు వంటలో మాత్రం ఆమె చేసిన జాగ్రత్త అంతా ఇంతా కాదు. ఇంట్లో నెయ్యి డబ్బా తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. పరమాన్నానికి కొబ్బరిపాలు తనే పిండింది. చర్చి గంజులకు ఏ కాలపు కొవ్వు అంటుకుని ఉందోనని వేడినీళ్లు పోసి, కుంకుడురసం పోసి, మళ్లీ వేడినీళ్లు పోసి కడిగించింది. కడిగేవాళ్లు విసుక్కున్నారు కూడా. ఇంత చేసిన మనిషి మజ్జిగ దగ్గర బోల్తా పడింది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతాయి. మనసు ఎక్కడో ఉంటుంది.

పొయ్యికి అటువైపు బగారా అన్నం గంజు మూత మీద నిప్పులు సర్దుతోంది పక్కింటి భారతమ్మ. ఆమెది చర్చి కాదు. అయినా ప్రేమ విందులో బగారా అన్నం దించేది ప్రతి ఏడూ ఆమే. నిన్న మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకొచ్చిందీ ఆమే, వాళ్లింట్లో పాడి ఉంది కనుక.

"భారతీ, జర ఇటు రా" అంది సంపూర్ణ మెల్లగా.

"ఏందక్కా, మొఖం గట్ల తెల్లగైంది?"

"నిన్న కందల మజ్జిగ పోసినం కదా."

"అవ్. చాలలేదా?"

"చాలింది. గదే నా పాణం తీస్తున్నది. మజ్జిగ పాలే కదనే!"

భారతమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె మాట్లాడిన తీరు చూస్తే ధైర్యం చెప్తోందో, తనకు తనే చెప్పుకుంటోందో తెలియలేదు.

"నానబెట్టినం, గట్టిగ పిండినం, రెండు నీళ్లల్ల ఉడకబెట్టి వంపినం. ఇంక మజ్జిగ యాడుంటదక్కా అందుల? పోయింది మొత్తం."

"ఉన్నదా పోయిందా అని కాదు. మాట ఇచ్చిన."

"ఎవరికి తెలుస్తది? నీకు తెలుసు, నాకు తెలుసు. నేనైతే నోరు తెరువ. పండుగ పూట పిల్ల నోట్లకు ఇంత బువ్వ పోతే చాలు. ఊకో."

ఊకోవడం సంపూర్ణ వల్ల కాలేదు. కంద గంజు వైపు చూసింది. వేరే కూర వండుదామంటే అంతమందికి సరిపడా కాయగూర ఆ ఊళ్లో లేదు, తెప్పించే వేళ కూడా కాదు. అనపకాయ కూర ఒక గంజు ఉంది కానీ అది పక్కకు నంజుకునేంతే. ఆరాధన పాట చర్చిలోంచి వినిపిస్తోంది. ఇంకాసేపట్లో జనం బయటికి వస్తారు.

ఇంతకీ ఆమె భయం జనం గురించి కాదు. ఒక్క అక్సా గురించి.

అక్సా పశువుల దవాఖానాలో సహాయకురాలు. సంపూర్ణ కొడుకు డేవిడ్‌ను పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గలగలా మాట్లాడేది, నాటుకోడి పులుసంటే పడి చచ్చేది. ఎండాకాలం మొదట్లో ఫారాల్లో కోళ్లకు తెగులు సోకింది. బతికున్న వాటిని కూడా చంపి పూడ్చాలని పై నుంచి హుకుం వచ్చింది. ఆ పనికి వెళ్లిన వాళ్లలో అక్సా ఒకతె. తిరిగి వచ్చాక నీళ్లు పోసుకుని పడుకుంది. ఆ తర్వాత మాంసం ముట్టలేదు, గుడ్డు ముట్టలేదు, కొన్నాళ్లకు పాలూ మానేసింది. సంపూర్ణ మొదట్లో కోప్పడింది, బతిమాలింది, ఇంకోసారి కూడా కోప్పడింది. ఆమె కూడా మనిషే కదా.

కోత పండుగ నాడు చర్చి భోజనంలో సాంబారు పోస్తుంటే "నెయ్యి ఉన్నదా?" అని అక్సా అడిగింది. లేదన్నారు. ఉంది. ఆ సంగతి తెలిసి అక్సా విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఇతరుల చేతి వంట తినడం మానేసింది. సొంతింట్లో కూడా తనకు తాను వండుకుని, గదిలో కూర్చుని, ఒక్కతే తినేది. తలుపు అవతల కోడలు ఒక్కతే అన్నం తింటున్న చప్పుడు వింటూ సంపూర్ణ ఇవతల కూర్చునేది. అందుకే మాట ఇచ్చింది. క్రిస్మస్ నాడు ఆ పిల్ల అందరి పక్కన బంతిలో కూర్చుని, తన చేతి అన్నం తినాలి. ఆమె కోరుకున్నది అదొక్కటే.

"అత్తమ్మా!"

అక్సా వచ్చింది. అడ్డాకు విస్తళ్ల కట్టలు రెండు చంకల్లో పెట్టుకుని, కొత్త చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మొహమంతా నవ్వుతో వచ్చింది. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. సంపూర్ణకు ఇంకా భయం పెరిగింది.

"వాసన లోపలికొస్తున్నది. పాట పాడుతుంటే నోట్ల నీళ్లూరుతున్నయ్. ఉప్పు చూడాల్నా?" అంటూ విస్తళ్లు దించి, గంటె అందుకుంది. కంద ముక్క ఒకటి, కాస్త పులుసు తీసి అరచేతిలో పోసుకోబోయింది.

సంపూర్ణ చెయ్యి తనకు తెలియకుండానే లేచి గంటె లాక్కుంది. పులుసు నేల మీద ఒలికింది.

"వద్దు! ప్రార్థన కాకముందు ఎంగిలి వద్దు."

"ఉప్పు చూసుడు కూడ ఎంగిలేనా? మీరు పోయినేడు మేక కూరల నాలుగుసార్లు చూసిన్రు" అని అక్సా నవ్వింది.

"చూసిన. ఈసారి వద్దు. నువ్వు పో, చాపలు పరిపియ్యి."

అక్సా కొంచెం వింతగా చూసి వెళ్లింది. సంపూర్ణ గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. చెప్పాల్సిన క్షణం చేతికి వచ్చి జారిపోయింది. పిలుద్దామని నోరు తెరిచేసరికి, గూడేల వాళ్లను తెచ్చే ట్రాలీ ఆటో హారన్ కొడుతూ ఆవరణలోకి వచ్చింది.

అడవి లోపలి గూడేల నుంచి కొన్ని కుటుంబాలు ప్రతి క్రిస్మస్‌కూ ఆ చర్చికి వస్తాయి. తమలో తాము తమ భాషలో మాట్లాడుకుంటూ, పిల్లలను దింపుకుంటూ ఆటో దిగారు. అందరికంటే ముందు ముసలి చిన్నక్క కర్ర పోటేసుకుంటూ వాసన పట్టుకుని నేరుగా పందిరి కిందికే వచ్చింది.

"మంచిగ కాగింది కూర" అంది గంజులోకి తొంగిచూస్తూ. "మేకనా, పొట్టేలా?"

చాపలు పరుస్తున్న అక్సాయే లేచి వచ్చి చెప్పింది. "మేక కాదు అవ్వా. కంద."

చిన్నక్క గంజు వైపు ఒకసారి, అక్సా వైపు ఒకసారి చూసింది. తిరిగి వెళ్లి తన వాళ్లకు ఒక మాట చెప్పింది. వాళ్ల పిల్లల్లో ఒకడు ఏడుపు మొహం పెట్టాడు.

అది ఇంకొకరు కూడా చూశారు. ఆటో చప్పుడు విని చర్చిలోంచి బయటికి వచ్చిన సంఘ పెద్ద షాలేమ్‌రాజు. బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఈసారి మేక వద్దన్నప్పుడు కమిటీలో చివరిదాకా అడ్డం చెప్పింది ఆయనే. తెల్లబట్టలు మాసిపోతాయని కూడా చూడకుండా పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"చూసినవా అమ్మా ఆ పోరని మొఖం?"

"చూసిన పెద్దనాయినా" అంది అక్సా.

"మనం ఆదివారం ఆదివారం తింటం. వాళ్లకు కడుపు నిండ మాంసం అంటే ఇయ్యాల్నే. పొద్దుగాల లేచి, చలిల వణుక్కుంట ఆటో ఎక్కొచ్చిన్రు. కంద వాళ్ల పెరట్ల ఉండదా? ఇక్కడిదాకా రావాల్నా దానికి? మేకల మీద దయ చూపియ్యి, నేను కాదన. గంత దయ మనుషుల మీద కూడ చూపియ్యి."

సంపూర్ణ ఆ మాటకు ఉలిక్కిపడింది. నిజానికి ఆ మాట ఆమెకూ చాలాసార్లు తోచింది. కోడలి మొహం చూసి లోపలే దాచుకుంది.

అక్సా చేతికంటిన దుమ్ము చీరకు తుడుచుకుంది. కొత్త చీర అన్న సంగతి మరిచిపోయింది.

"మీరన్నది తప్పని నేననను" అంది చివరికి. "ఆ పోరణ్ని చూస్తే నాకూ మంచిగ లేదు. కాని పెద్దనాయినా, నేను ఎవర్నీ మాంసం మానమని అడగలే. ఎన్నడన్న అడిగిన్నా?"

"అడగలే."

"ఫారంల ఏమైందని మీరు కూడ నన్ను ఎన్నడూ అడగలే. ఎవరూ అడగలే. అందరు తినమనే చెప్పిన్రు."

షాలేమ్‌రాజు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"తెల్ల సూట్లు, చేతులకు తొడుగులు ఇచ్చిన్రు. ఒక్కొక్క కోడిని పట్టుకొచ్చి ఇచ్చుడు నా పని. పట్టుకుంటే తొడుగుల లోపలికి కూడ వెచ్చగ తెలుస్తది. ఒక కోడి నా చేతులల్లనే గుడ్డు పెట్టింది. పట్టుకొని పోతున్న, గుంత దగ్గరికి పోతున్న, మధ్యల ఆగి గుడ్డు పెట్టింది. దానికేం తెల్సు ఎక్కడికి పోతున్నదో. ఒక చేతిల కోడి, ఒక చేతిల గుడ్డు. ఏం చెయ్యాల్నో నాకు తెల్వలే. సారు జల్దీ జల్దీ అని అరుస్తున్నడు. రెండూ ఇచ్చేసిన."

పొయ్యిలో కట్టె చిటపటమంది. భారతమ్మ కళ్లు తుడుచుకుంది. సంపూర్ణ ఈ సంగతి వినడం ఇదే మొదటిసారి. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్లు ఒక్కసారైనా అడగలేదు. తిన్నావా, ఎందుకు తినవు అని మాత్రమే అడిగింది. సిగ్గుతో ఆమె తల వంగిపోయింది.

"దవాఖానాకు పాలు తాగనియ్యక ఎండిన దూడల్ని తెస్తరు. వాటిని చూసినంక పాలు కూడ గొంతు దిగుత లేవు. మీరు దీన్ని దయ అంటున్నరు. నాకు దయనో ఏందో తెల్వదు. నా నోరు ముడుసుకపోతది, అంతే. ఒక్క పండుగ నాడు అందరితోటి కూసోని, భయపడకుంట తినాలని ఆశ ఉండె. అత్తమ్మ వండిపెడతనన్నది."

"మరి కోత పండుగకు అందరు చూస్తుండంగ లేచిపోతివి! ఇంత నెయ్యి పడ్డందుకు?" అన్నాడు షాలేమ్‌రాజు. గొంతు మాత్రం ముందున్నంత పెద్దగా లేదు.

"నెయ్యి పడ్డందుకు కాదు. పడ్డదని చెప్తే నవ్వి ఊకుందును, ఉత్త అన్నం తిందును. తెలిసీ లేదని చెప్పిన్రు. నేను తింటుంటే అవతల నిలబడి నవ్వుకున్నరు. గందుకు లేచిన."

షాలేమ్‌రాజు చూపు దించుకున్నాడు. ఆ రోజు సాంబారు బకెట్ పట్టుకున్నది ఆయనే. లేదని చెప్పిందీ ఆయనే. పిల్ల కడుపు నిండుతుందని చెప్పాడు, నవ్వింది వేరేవాళ్లు. ఆ మాట ఇప్పుడు ఎలా చెప్పాలో ఆయనకు తోచలేదు. తోచనప్పుడు పెద్దమనుషులు చేసే పనే ఆయనా చేశాడు, ఒక షరతు పెట్టాడు.

"సరే. అయిందేదో అయింది. ఇయ్యాల మీ అత్త వడ్డనకు ముందు సాక్ష్యంల మైకు పట్టుకొని, దీంట్ల ఏముందో ఏం లేదో అందరి ముందర చెప్పాలె. నువ్వు బంతిల కూసోని అందరితోటి తినాలె. మళ్ల లేచినవో, వచ్చేయేడు మేకనే. నన్నెవరూ ఆపొద్దు."

"లేవ" అంది అక్సా. అత్త భుజం మీద చెయ్యి వేసింది. "మా అత్తమ్మ చెప్తే నాకు తనిఖీ అక్కర లేదు. ఆమె నాతోటి అబద్ధం చెప్పది."

ఆ చెయ్యి బరువుకు సంపూర్ణకు బండరాయి మోసినట్టనిపించింది.

ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచింది. "అక్సా, ఒక్క మాట..." అనేలోపే ఆరాధన ముగిసి జనం గుంపుగా ఆవరణలోకి వచ్చారు. హ్యాపీ క్రిస్మస్ అంటూ కరచాలనాలు, పిల్లల అరుపులు. అక్సాను ఇద్దరు ఆడవాళ్లు చేయి పట్టుకుని లాక్కెళ్లారు. సంపూర్ణ వెనకాలే నాలుగడుగులు వేసింది. గుంపులో కోడలి పూలజడ ఒకసారి కనిపించి మాయమైంది.

కొడుకు డేవిడ్ గేటు పక్కన మైకు సెట్ దగ్గర తంటాలు పడుతున్నాడు. తల్లిని చూసి, "అమ్మా, పరేషాన్ కాకు, సాక్ష్యం రెండు మాటల్ల చెప్పి దిగు. ఎండ ఎక్కుతున్నది" అన్నాడు. అతనికి చెప్పొచ్చు. చెప్తే ఏమంటాడో కూడా ఆమెకు తెలుసు. ఊకో అమ్మా అంటాడు. భారతమ్మ అదే అంది. ఎవరిని అడిగినా అదే అంటారు. అందుకే ఎవరినీ అడగలేదు.

బంతులు కూర్చున్నాయి. ఆవరణ నిండా చాపలు, చాపల ముందు విస్తళ్లు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. అక్సా అటూ ఇటూ చూసి, వెళ్లి చిన్నక్క పక్కన కూర్చుంది. చిన్నక్క కొంచెం జరిగి చోటిచ్చింది.

ఆ చర్చిలో వడ్డనకు ముందు, వంతు వచ్చిన ఇంటివాళ్లు సాక్ష్యం చెప్పాలి. ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేళ్లు చెప్పి, కూడు ఆశీర్వదించమని అడిగి, మైకు దించాలి. సంపూర్ణ పెళ్లయి వచ్చిన నాటి నుంచి వింటున్న సాక్ష్యాలన్నీ దాదాపు ఒకే రకం. ఆమె కూడా అలాంటిదే ఒకటి వారం నుంచి కంఠతా పట్టింది. మైకు చేతికి వచ్చింది. చెమటకు జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది.

"ప్రభువుకు స్తోత్రం."

"స్తోత్రం!" అంది ఆవరణ.

"ఈ ఏడు దేవుడు మమ్మల్ని కాపాడిండు. నా కొడుక్కు పని ఇచ్చిండు. నాకు మోకాళ్ల నొప్పులు తగ్గించిండు. నాకు... మంచి కోడలినిచ్చిండు."

ఎవరో స్తోత్రం అన్నారు. అక్సా తల ఎత్తి చూసింది. సంపూర్ణ తర్వాతి వాక్యం మరిచిపోయింది. కాదు, మరిచిపోలేదు. ఈ విందులో పాల చుక్క కూడా లేదన్నదే తర్వాతి వాక్యం. అది నోటిదాకా వచ్చి ఆగింది. దేవుడి పేరు చెప్పి మొదలుపెట్టిన సాక్ష్యంలో ఆ ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. కోడలు తింటుంది, నవ్వుతుంది, రేపటి నుంచి తలుపు తీసి ఉంటుంది. ఎవరికీ తెలియదు.

"అందరు చల్లగ వినున్రి" అంది. "ఈ పిల్లకు నేను మాట ఇచ్చిన. మాంసం ఉండదు, గుడ్డు ఉండదు, పాలు పెరుగు నెయ్యి ఏదీ ఉండదు అని. నెయ్యి డబ్బాకు తాళమేసిన. గంజులు మూడుసార్లు కడిగిపిచ్చిన. కాని నిన్న సాయంత్రం దురద పోవాలని కంద పుల్లమజ్జిగల నానబెట్టిన. మా అమ్మ నేర్పిన పద్ధతి. అది పాలని నాకు యాదికే రాలే. పొద్దుగాల వచ్చింది. వచ్చినంక కూడ చెప్పలే. పొద్దుగాలటి నుంచి భయపడుకుంట తిరుగుతున్న. ఇదే నా సాక్ష్యం."

మగవాళ్ల బంతిలో ఎవరో ఫక్కున నవ్వారు.

"మజ్జిగనా! ఇంకేమో అనుకుంటి!"

నవ్వు ఒక బంతి నుంచి ఇంకో బంతికి పాకింది. చెడ్డ నవ్వు కాదు. ఏదో పెద్ద ఘోరం వినబోతున్నామనుకుని, తేలికపడిన వాళ్ల నవ్వు. కానీ సంపూర్ణకు అది చెంపల మీద కొట్టినట్టే తగిలింది. కోత పండుగ నాడు కూడా ఇలాగే నవ్వి ఉంటారు. షాలేమ్‌రాజు మాత్రం నవ్వలేదు. "ఆపున్రి!" అని ఒక్క అరుపు అరిచాడు.

అక్సా లేచి నిలబడింది.

అందరూ ఆమెనే చూశారు. డేవిడ్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. ఆమె విస్తళ్లు తొక్కకుండా, బంతుల మధ్య నుంచి, గేటు ఉన్న వైపే నడిచింది. సంపూర్ణ కళ్లు మూసుకుంది. అయిపోయింది అనుకుంది. మళ్లీ తలుపు, తలుపు అవతల చప్పుడు. కళ్లు తెరిచేసరికి అక్సా ఎదురుగా ఉంది. అత్త చేతుల్లోంచి మైకు తీసుకుంది.

"అత్తమ్మ చెప్పకపోతే నాకు తెల్వకపోవు" అంది మైకులో. మెల్లగానే అంది. ఆవరణంతా వినబడింది. "తిందును. మంచిగున్నదని ఇంకొంచెం అడుగుదును. చెప్పింది. ఇంతమంది ముందర చెప్పింది."

బంతుల వైపు తిరిగింది.

"కంద నేను తినను. మీరు తినున్రి, పారేస్తే ఎవరికి లాభం? పెద్దనాయినా, నేను లేచిన గాని పోతలేను. అత్తమ్మా, నాకు బగారన్నం పెట్టు. అనపకాయ కూర పెట్టు. నీ చేత్తోటే పెట్టు."

మైకు డేవిడ్ చేతికిచ్చి, వెళ్లి మళ్లీ చిన్నక్క పక్కన కూర్చుంది. విస్తరి ముందుకు లాక్కుంది. షాలేమ్‌రాజు ప్రార్థన మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఊరి సమాచారమంతా దేవుడికి విన్నవించే మనిషి, ఈసారి రెండు ముక్కల్లో ఆమెన్ అన్నాడు.

సంపూర్ణ కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే చెయ్యి మళ్లీ కడుక్కోవాలి, అంత ఓపిక ఆమెకు లేదు. ఇంత ఆనందం ఎప్పుడు కలిగిందో ఆమెకు గుర్తు రాలేదు. బగారా గంజు దగ్గరికి పరుగున వెళ్లి బేసిన్ నిండా అన్నం తోడుకుంది. అనపకాయ కూర గిన్నె ఇంకో చేత్తో పట్టుకుంది. భారతమ్మ అక్కడే గంజు పక్కన చేతులు జారేసుకుని నిలబడి ఉంది. ఏదో అనబోయింది. "తర్వాత చెప్పు" అని సంపూర్ణ ఆగకుండా వెళ్లిపోయింది.

మొదటి గంటె అన్నం కోడలి విస్తరిలోనే పెట్టింది. యాలకులు, పుదీనా వాసనతో ఆవిర్లు పోతున్న అన్నం. పక్కన అనపకాయ కూర వేసింది. పక్క విస్తరి ముందు చిన్నక్క అప్పటికే వడ్డించేవాళ్లు వేసిన కంద ముక్క ఒకటి నోట్లో వేసుకుని నములుతూ, బాగుందన్నట్టు తల ఊపింది. అక్సా అది చూసి నవ్వి, అన్నం, కూర కలపసాగింది.

సంపూర్ణ ఇంకో విస్తరికి జరగలేకపోయింది. మొదటి ముద్ద తినడం చూడాలి. అది చూశాక ఎవరికైనా వడ్డిస్తుంది.

వెనక నుంచి ఎవరో ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. భారతమ్మ. పొయ్యి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి రొప్పుతోంది. ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా, నువ్వు గట్ల మైకుల చెప్పినంక నేను ఊకోలేకపోతున్న" అంది గుసగుసగా. "పండుగ అన్నం ఉత్త నూనెతోటి దించబుద్ధి కాలే. నువ్వు కొబ్బరిపాల కాడున్నప్పుడు మా ఇంటి నెయ్యి తెచ్చి పోసిన. బగారల నెయ్యి ఉన్నదక్కా."

సంపూర్ణ చటుక్కున తిరిగి చూసింది. అక్సా ముద్ద చేతిలోకి తీసుకుని, అత్త వైపు చూసి నవ్వుతూ, నోటిదాకా తెచ్చింది.